‘మా పరిధి కాదు’ అనే జవాబు మాకు వద్దు: తెలుగు రాష్ట్రాల ఎంపీలకు, ఎమ్మెల్యేలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు, శాసనసభ్యులకు నమస్కారం.

మీలో ఏ ఒక్కరి మీదో, ఏ ఒక్క పార్టీ మీదో కోపంతో ఈ లేఖ రాయడం లేదు. మూడేళ్లుగా అర్జీలు పెట్టి పెట్టి, ఇక రాయడానికి కొత్త ఆఫీసు ఏదీ మిగలక అందరికీ కలిపి రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మా ఊళ్లో రైలు పట్టాల మీద ఒక బ్రిడ్జి ముక్క ఉంది. ముక్క అనడానికి కారణం ఉంది. అది సరిగ్గా పట్టాలు దాటేంత మేరకే కట్టారు, రెండు వైపులా నేలకు దిగే దారి లేదు. తూర్పు చివర కాంక్రీటులోంచి ఇనుప చువ్వలు బయటికొచ్చి తుప్పు పట్టిపోయాయి, వాటి సందుల్లో కాకులు గూళ్లు పెట్టాయి. కింద గేటు మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. గూడ్సు వస్తే పావుగంట, దాని వెనకే ఎక్స్‌ప్రెస్ ఉంటే ఇంకో పది నిమిషాలు. నిరుడు వానాకాలంలో ఒక రోజు పురిటి నొప్పులు పడుతున్న అమ్మాయిని తీసుకెళ్తున్న ఆటో ఆ గేటు దగ్గర ఆగిపోయింది, నేను సరిగ్గా దాని వెనక బండి మీద ఉన్నాను. ఆ అమ్మాయి తల్లి వానలోనే ఆటో దిగి, గేటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గేటు లేచేదాకా చెయ్యి తియ్యలేదు. దేవుడి దయ వల్ల తల్లీబిడ్డా క్షేమం. కానీ ఆ కడ్డీ పట్టుకున్న చేతులు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

అంతకు ముందే నేను రెండు అర్జీలు పెట్టి ఉన్నాను, ఆ తర్వాత ఇంకో నాలుగు పెట్టాను. పట్టాలు చూసుకునే ఆఫీసు నుంచి వచ్చిన జవాబు: మా భాగం పని పూర్తయింది, అప్రోచ్ రోడ్లు రాష్ట్ర పరిధిలోవి. రోడ్లు చూసుకునే ఆఫీసు నుంచి వచ్చిన జవాబు: డ్రాయింగులకు అవతలి వాళ్ల ఆమోదం రావాలి, భూసేకరణ డబ్బు రావాలి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చిన అర్జీకైతే వారం తిరక్కుండానే సెల్‌కు మెసేజ్ వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని. సంబంధిత శాఖకు పంపడమే పరిష్కారమట. ఏ ఆఫీసు పేరూ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అక్కడి మనుషుల్లో ఎవరూ చెడ్డవాళ్లు కారు. వాళ్లు చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. ఎవరికి వాళ్లు తమ పరిధి వరకు నిజమే చెప్పారు. నాకు భయం పుట్టించింది అదే.

అప్పుడు రాజ్యాంగం తెచ్చుకుని చదివాను. 246వ అధికరణం, ఏడో షెడ్యూలు. మొదట్లో కేంద్ర జాబితాలో 97 అంశాలు, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47. రైల్వేలు కేంద్ర జాబితాలో 22వ అంశం. రోడ్లు, వంతెనలు రాష్ట్ర జాబితాలో 13వ అంశం. అంటే మా బ్రిడ్జి కింద పట్టాలు ఒక జాబితాలో ఉన్నాయి, దాని మీదికి ఎక్కే దారి ఇంకో జాబితాలో ఉంది. ఖర్చు చెరిసగం పెట్టుకుని ఇలాంటివి కట్టడం దేశమంతా ఉన్న పద్ధతే, అందులో తప్పేమీ లేదు. కానీ మూడు జాబితాలూ మళ్లీ మళ్లీ చదివినా నాకు దొరకనిది ఒకటుంది. ఎవరు చట్టం చెయ్యొచ్చో అక్కడ రాసి ఉంది. పని ఆగిపోతే జనం ఎవరిని అడగాలో రాసి లేదు. డెబ్బై ఏళ్లకు పైగా మీరు, మీకు ముందు వాళ్లు అధికారం ఎవరికి ఎంత అనే విషయం మీద పోట్లాడుకుంటూ వచ్చారు. బాధ్యత మాది అంటూ ఎవరైనా పోట్లాడటం నేను చూడలేదు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో నాకు తెలిసినంత మేరకు రాస్తాను.

1. ముసలివాళ్ల పింఛను. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. ఈ 200 అనే అంకె 2007 నుంచి కదల్లేదు, ధరలు ఎక్కడికి పోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి పింఛను 4,000 అయింది, అందులో కేంద్రం నుంచి వచ్చేది అదే 200, అదీ అందరికీ కాదు, లెక్కకట్టిన సంఖ్య వరకే. నెల మొదటి తారీఖున డబ్బు చేతికొచ్చే అవ్వకు ఇవేవీ తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. కానీ పేరు జాబితాలోంచి పోయిన రోజున ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆమెకు తెలియాలి కదా.

2. బియ్యం కార్డు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మందికి రేషన్ ఇవ్వాలి. ఎంతమంది అనేది 2011 జనాభా లెక్క మీద తేల్చారు. 2021లో జరగాల్సిన జనగణన ఆ ఏడు జరగలేదు, కాబట్టి 2011 అంకెలే నడుస్తున్నాయి. మధ్యలో పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, కుటుంబాలు వేరుపడ్డాయి. కేంద్రం లెక్కలో పట్టని వాళ్లకు మన రాష్ట్రాలు సొంత డబ్బుతో కార్డులిచ్చాయి, అందుకు మెచ్చుకోవాలి. కానీ ఒకే వీధిలో పక్కపక్క ఇళ్లలో ఒకరి బియ్యం కేంద్రానివి, ఇంకొకరివి రాష్ట్రానివి. రాష్ట్ర ఖజానాకు ఇబ్బంది వస్తే కోత ఎవరి ఇంట్లో పడుతుందో వేరే చెప్పాలా?

3. పన్ను. ఇక్కడ కాస్త నిలబడి చూడమని కోరుతున్నాను, ఎందుకంటే మిగతా గొడవలన్నీ దీని దగ్గరే మొదలవుతున్నాయి. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో రాష్ట్రాలకు ఎంత వాటా ఇవ్వాలో ఆర్థిక సంఘం చెబుతుంది. 14వ సంఘం 42 శాతం అంది, 15వ సంఘం 41 శాతం అంది. వినడానికి బాగుంది. కానీ 2000లో వచ్చిన 80వ సవరణ తర్వాత 270వ అధికరణం ప్రకారం సెస్సు, సర్‌చార్జి అనే అదనపు వడ్డనలు పంచుకునే మూటలోకి రావు. అవి పూర్తిగా కేంద్రానివే. 2011-12లో కేంద్రం మొత్తం పన్నుల రాబడిలో ఇవి సుమారు పది శాతం ఉండేవి, 2020-21 నాటికి ఇరవై దాకా వచ్చాయి.

పెట్రోలు బంకు దగ్గరికి రండి, అర్థమవుతుంది. 2022 మేలో తగ్గించాక 2025 ఏప్రిల్ దాకా లీటరు పెట్రోలు మీద కేంద్ర ఎక్సైజ్ 19 రూపాయల 90 పైసలు ఉండేది. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన మూల ఎక్సైజ్ ఎంత? ఒక రూపాయి నలభై పైసలు. మిగతాదంతా ప్రత్యేక అదనపు ఎక్సైజ్, రోడ్ల సెస్సు, వ్యవసాయ సెస్సు. ఆ రూపాయి నలభైలో 41 శాతం అంటే సుమారు 57 పైసలు, అది దేశంలోని రాష్ట్రాలన్నీ కలిసి పంచుకోవాలి. ఇరవై రూపాయలు కట్టిన నేను, ఆస్పత్రీ బడీ పోలీసు స్టేషనూ రాష్ట్రం నడపాలని అనుకునే నేను, నా డబ్బులో రాష్ట్రానికి వెళ్లింది ఇంత అని తెలిసినప్పుడు చాలాసేపు మాట్లాడలేకపోయాను. అలాగని మన రాష్ట్ర ప్రభుత్వాలు నష్టపోయి ఊరుకున్నాయా అంటే అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, దానిపైన లీటరుకు 4 రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. తెలంగాణలో వ్యాట్ 35.20 శాతం. మీ ఇద్దరి లెక్కా చివరికి ఒకే జేబులో తేలుతుంది, ఆ జేబు బండి మీద కూరగాయలు అమ్ముకునేవాడిది.

జీఎస్టీ సంగతి కూడా ఒక్క మాట. 2017 జూలై 1 నుంచి అమ్మకం పన్ను వేసుకునే అధికారంలో చాలా భాగం రాష్ట్రాలు వదులుకున్నాయి. కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, నిర్ణయానికి కావాల్సింది నాలుగింట మూడు వంతులు. అంటే రాష్ట్రాలన్నీ ఒక్కటైనా కేంద్రం ఒప్పుకోకపోతే తీర్మానం నెగ్గదు. కౌన్సిల్ సిఫార్సులకు పార్లమెంటు గానీ శాసనసభలు గానీ కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చాక కూడా మన శాసనసభల్లో దాని మీద గట్టి చర్చ ఒకటి నా చెవిన పడలేదు.

4. చదువు. 1976లో 42వ సవరణ చేసి చదువును, అడవులను, ఇంకో మూడు అంశాలను రాష్ట్ర జాబితాలోంచి ఉమ్మడి జాబితాకు మార్చారు. ఉమ్మడి జాబితాలో ఇద్దరి చట్టాలూ ఢీకొంటే మామూలుగా నెగ్గేది పార్లమెంటు చట్టమే, 254వ అధికరణం. అధికారం ఇలా పైకి పోయింది, ఖర్చు మాత్రం ఎక్కువ భాగం కిందే ఉండిపోయింది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చూడండి. కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం వాటా పిల్లాడి ఖాతాలో పడుతుంది. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి. ఫైనలియర్ పాసైన పిల్లాడు సర్టిఫికెట్ కోసం కాలేజీకి వెళ్తే ‘ఫీజు బకాయి ఉంది, కట్టి తీసుకెళ్లు’ అంటారు. ఉద్యోగంలో చేరాల్సిన తారీఖు దగ్గర పడుతుంటే ఆ ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పుడు ఆ తండ్రికి 60:40 ఎందుకు?

5. నీళ్లు. నీరు రాష్ట్ర జాబితాలో 17వ అంశం, అంతర్రాష్ట్ర నదులు కేంద్ర జాబితాలో 56వ అంశం. కృష్ణా నీళ్ల మీద బచావత్ ట్రిబ్యునల్ అవార్డు 1976లో అమల్లోకి వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. రాష్ట్రం విడిపోయాక తాత్కాలికం అనుకుని 512, 299గా పంచుకున్నాం. ఇప్పటికీ ఇంకో ట్రిబ్యునల్ ముందు వాదనలే. కాలువ చివరి ఆయకట్టు రైతు నారు పోసుకుని ఆకాశం వైపు, హైదరాబాద్ వైపు, విజయవాడ వైపు, ఢిల్లీ వైపు చూస్తూ కూర్చుంటున్నాడు.

6. పంచాయతీ. ఇది రాష్ట్ర నాయకులకు ప్రత్యేకంగా రాస్తున్నాను. కేంద్రం మా అధికారాలు లాక్కుంటోందని మీరు ఢిల్లీలో చెప్పే ప్రతి మాటా మా సర్పంచ్ మీకు చెప్పగలడు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. వాటిలో ఎన్నింటి మీద మా పంచాయతీకి నిజంగా సిబ్బంది, డబ్బు, నిర్ణయం ఉన్నాయో మీ గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. వీధి లైటు బిల్లు కట్టలేక, ఆర్థిక సంఘం డబ్బు వచ్చేదాకా బ్లీచింగ్ పౌడరు అరువు తెచ్చే సర్పంచ్‌లున్నారు.

ఇదంతా చదివి నన్ను కేంద్రానికి వ్యతిరేకి అనుకోకండి. 1977 దివిసీమ ఉప్పెన గురించి మా పెద్దవాళ్లు చెప్పగా విన్నాను, అంతటి విపత్తు వస్తే ఏ రాష్ట్రమూ ఒంటరిగా నిలబడలేదు. బీద రాష్ట్రానికి డబ్బు పంచాలన్నా, నదుల తగవు తీర్చాలన్నా పైన ఒక గట్టి చెయ్యి ఉండాలి. ‘కేంద్రం మిథ్య’ అని ఎన్టీఆర్ అన్న మాట మన దగ్గర అందరికీ తెలుసు, ఆ మాటతో నేను ఏకీభవించను. కానీ 1984 ఆగస్టులో మెజారిటీ ఉన్న ముఖ్యమంత్రిని గవర్నర్ ఒక్క సంతకంతో తీసేస్తే తెలుగువాళ్లు వీధుల్లోకి ఎందుకొచ్చారో, సరిగ్గా నెల రోజులకు ఆయన మళ్లీ కుర్చీలో ఎలా కూర్చున్నారో కూడా మనకు తెలుసు. ఆ పదేళ్లకు, 1994లో, కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి బొమ్మై కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తేలాల్సింది సభలోనే అని చెప్పింది. అంటే ఈ సమాఖ్య వ్యవస్థ మనకు పుస్తకంలోని పాఠం కాదు, మన కళ్ల ముందు జరిగిన సంగతి.

సలహాలకూ కొదవ లేదు. కేంద్ర రాష్ట్ర సంబంధాలు పరిశీలించమని 1983లో సర్కారియా కమిషన్ వేశారు, 1988లో నివేదిక ఇచ్చింది. అదే పనికి 2007లో పూంఛీ కమిషన్ వేశారు, 2010లో నివేదిక ఇచ్చింది. 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలి 1990లో ఏర్పడింది. 2016 జూలైలో జరిగింది దాని 11వ సమావేశం. 26 ఏళ్లలో ప్రధానీ ముఖ్యమంత్రులూ ఆ బల్ల చుట్టూ కూర్చున్నది పదకొండు సార్లు. మా ఊళ్లో డ్వాక్రా సంఘం అక్కలు ఒక్క ఏడాదిలో అంతకంటే ఎక్కువసార్లు కూర్చుంటారు, అప్పు ఎవరిది, కట్టేది ఎప్పుడు అని పుస్తకంలో రాసుకుని మరీ లేస్తారు.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి.

1. అర్జీని దాటేసే పద్ధతి ఆపండి. సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ఒక మంచి దారి చూపించింది. అడిగిన సమాచారం వేరే ఆఫీసుదైతే, దరఖాస్తు తీసుకున్న ఆఫీసే అయిదు రోజుల్లో దాన్ని అక్కడికి పంపి అడిగినవాడికి చెప్పాలి. సమాచారానికి ఉన్న ఈ నియమం ఫిర్యాదులకు ఎందుకు ఉండకూడదు? కేంద్ర ఆఫీసులో ఇచ్చిన అర్జీ రాష్ట్రానికి, రాష్ట్రంలో ఇచ్చింది కేంద్రానికి అదే నంబరుతో వెళ్లాలి. పంపిన రోజున దాన్ని ‘పరిష్కరించబడింది’ అని మూసెయ్యకూడదు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. పార్లమెంటులో ఒకరు, శాసనసభల్లో ఒకరు, సభ్యుడు సొంతంగా పెట్టే ప్రైవేటు బిల్లుతోనైనా మొదలుపెట్టవచ్చు.

2. కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే ప్రతి పనికీ, అది బ్రిడ్జి అయినా స్కాలర్‌షిప్ అయినా, మంజూరు ఉత్తర్వులోనే ఒక్క అధికారిని బాధ్యుడిగా పెట్టండి. ఎవరి వాటా ఎంత, ఏ తారీఖున వేశారు, ఎవరిది బాకీ అనేది పని జరిగే చోట బోర్డు మీద రాయండి. శంకుస్థాపన రాయి మీద పేర్లు చెక్కించడానికి ఉన్న చోటు దీనికి సరిపోతుంది.

3. రెండు రాష్ట్రాల ఎంపీలు పార్టీలు పక్కన పెట్టి, సెస్సు సర్‌చార్జిలకు ఒక పరిమితి కావాలని, అది దాటిన సొమ్ము పంచుకునే మూటలోకి రావాలని కలిసి అడగండి. అధికార పక్షంలో ఉన్నారా ప్రతిపక్షంలో ఉన్నారా అనేదాన్ని బట్టి ఈ విషయంలో గొంతు మారకూడదు. ఇన్నేళ్లలో మారుతూ వచ్చింది, అన్ని పార్టీలదీ.

4. ఉమ్మడి జాబితాలోని అంశం మీద చట్టం తెచ్చే ముందు రాష్ట్రాలను సంప్రదించాలని సర్కారియా కమిషన్ ఎప్పుడో చెప్పింది. ఆ సంప్రదింపు రాతపూర్వకంగా జరగాలి, ఏ రాష్ట్రం ఏమందో బిల్లుతో పాటు సభ ముందు పెట్టాలి. అంతర్రాష్ట్ర మండలి ఏడాదికొకసారైనా కూర్చోవాలి.

5. మన శాసనసభలు మొదట పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఆర్థిక సంఘం నుంచి స్థానిక సంస్థలకు వచ్చిన డబ్బును రాష్ట్రం తన అవసరాలకు మళ్లించకూడదు. ఇది చేశాక ఢిల్లీలో మీరు అడిగే మాటకు బలం వస్తుంది.

వచ్చే సమావేశాల్లో వీటిలో కనీసం ఒక్కటి మీ నోట వినాలని ఎదురుచూస్తాం. ఈ లేఖను మా చుట్టుపక్కల గ్రామసభల్లో చదివి తీర్మానాలు చేయించే ప్రయత్నంలో ఉన్నాం, ఆ తీర్మానాలు కూడా మీకు వరసగా పంపుతాం.

మా బ్రిడ్జి విషయంలో నా ఆరు అర్జీలు, వాటికి వచ్చిన జవాబులు, ఆ మెసేజ్ ఫొటోతో సహా నా దగ్గర ఉన్నాయి, ఎవరు అడిగినా ఇస్తాను. మీలో ఎవరైనా జవాబు రాస్తే మాకు రెండు సంగతులు చెప్పండి. తూర్పు వైపు దారి ఎవరు కడతారు, ఏ నెలలో మొదలుపెడతారు. మిగతా సగం ఎవరి పరిధో మాకు రాయొద్దు, అది వాళ్లకే రాసి, కాపీ మాకు పంపండి.

ఇట్లు,
గేటుకు ఇవతలి వైపు ఉండే ఒక పౌరుడు